ఒక పెద్ద సంఖ్యను విప్పి చూడటం ఎలా: 32,11,97,185తో మొదటి నుంచి చివరి దాకా

పెద్ద సంఖ్య కనపడగానే కోట్లూ లక్షలూ కట్టి ఓసారి చదివేసి వదిలేస్తాం. అది ప్రధాన సంఖ్యా కాదా, దానికి భాజకాలెన్ని, వర్గాల మొత్తంగా రాయగలమా లాంటివన్నీ కంప్యూటర్ చూసుకోవాల్సిన పనులని చాలామంది అనుకుంటారు. తొమ్మిది అంకెల దాకా ఆ అవసరం లేదు. తెల్లకాగితం, పది అంకెలు చూపించే మామూలు క్యాలిక్యులేటర్, తొందర లేని ఒక గంట ఉంటే చాలు.

ఇక్కడ ఒకే సంఖ్యను పట్టుకుని చివరిదాకా వెళ్దాం: 32,11,97,185. ముప్పై రెండు కోట్ల పదకొండు లక్షల తొంభై ఏడు వేల నూట ఎనభై ఐదు. పైకి ఏ ప్రత్యేకతా కనపడదు. దీన్నే ఎందుకు ఎంచుకున్నానో సగం దారి దాటాక తెలుస్తుంది. మీ దగ్గర వేరే సంఖ్య ఉంటే దాంతోనూ ఇవే అడుగులు వేయవచ్చు. క్రమం మాత్రం మార్చకండి, ఎందుకంటే ప్రతి అడుగూ ముందు అడుగులో రాసుకున్న శేషాల మీదే నిలబడుతుంది.

1. అంకెలను చూసి చెప్పగలిగినవి

చివరి అంకె 5. కాబట్టి 5తో పోతుంది, 2తో పోదు. చివరి రెండంకెలు 85. 4తో భాగిస్తే శేషం 1. చివరి మూడంకెలు 185. 8తో భాగించినా శేషం 1. అంకెలన్నీ కూడితే 3+2+1+1+9+7+1+8+5 = 37, అంటే 9తో శేషం 1. అందుకే 3తోనూ పోదు.

7, 11, 13లను విడివిడిగా పరీక్షించే సూత్రాలు బడిలో నేర్పిస్తారు కానీ, మూడింటినీ ఒకే దెబ్బకు తేల్చే దారి ఉంది. 7 × 11 × 13 = 1001. వెయ్యి అంటే 1001కి ఒకటి తక్కువ, కాబట్టి ఈ మూడు సంఖ్యల దగ్గరా వెయ్యి −1లా ప్రవర్తిస్తుంది. చేయాల్సిందల్లా సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా కోసి, ఒకదాన్ని కూడి తర్వాతదాన్ని తీసేయడమే. మనం లక్షల పద్ధతిలో పెట్టే కామాలు ఇక్కడ దారి తప్పిస్తాయి. వాటిని చెరిపేసి 321 | 197 | 185 అని రాసుకోండి. 185 − 197 + 321 = 309. ఇప్పుడు 309ని భాగిస్తే 7తో శేషం 1, 11తో శేషం 1, 13తో శేషం 10. ఏదీ పోదు.

"పోదు" అని తేలగానే శేషాన్ని వదిలేయకండి, ఒక పక్కన నిలువుగా రాసి ఉంచండి. 4తో 1, 8తో 1, 9తో 1, 7తో 1, 11తో 1. ఇన్ని ఒకట్లు ఊరికే రావు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. అంకెల మొత్తం 37 కావడం, సంఖ్యను తిరగేసి రాస్తే ఏదో రావడం లాంటివి సంఖ్య గుణాలు కావు, మనం దాన్ని పదుల పద్ధతిలో రాసుకున్న తీరు గుణాలు. వేరే పద్ధతిలో రాస్తే మాయమైపోతాయి. 9తో శేషం 1 అన్నది మాత్రం ఎలా రాసినా మారదు. పెద్ద సంఖ్యల గురించి సరదాగా రాసేవాళ్లు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తారు. నాకైతే మొదటి రకం మీద పెద్ద ఆసక్తి లేదు.

2. ప్రధాన కారణాంకాలు

అసలు పని ఇదే. ఇది అయితే మిగతావన్నీ రెండు మూడు గుణకారాల దూరంలో ఉంటాయి.

ఎంతవరకు భాగిస్తూ పోవాలి? వర్గమూలం దాకా. మన సంఖ్య వర్గమూలం 17,921కీ 17,922కీ మధ్య ఉంది. అంతవరకు ప్రధాన సంఖ్యలు రెండు వేలకు పైగా ఉన్నాయి (రెండు వేలవది 17,389). వినగానే నీరసం వస్తుంది కానీ అన్నిటినీ ప్రయత్నించే పని పడదు. ఒక కారణాంకం దొరకగానే దాంతో భాగించి, మిగిలిన భాగఫలంతో కొనసాగాలి. భాగఫలం చిన్నదైనకొద్దీ వెళ్లాల్సిన దూరం ఎలా కుంచించుకుపోతుందో చూడండి.

5తో భాగిస్తే 6,42,39,437. ఇప్పుడు హద్దు 8,014కి దిగింది. ఇది మళ్లీ 5తో పోదు. 7, 11, 13లను ముందే కొట్టేశాం. అసలు సంఖ్యను భాగించనిది దాని ముక్కనూ భాగించదు కాబట్టి వాటిని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. 17తో శేషం 7. 19తో సరిగ్గా పోయింది: 33,81,023. హద్దు 1,838. దాన్ని మళ్లీ 19తో భాగిస్తే శేషం 11. 23తో పోయింది: 1,47,001. హద్దు 383. మళ్లీ 23తో శేషం 8. 29తో పోయింది: 5,069. హద్దు 71.

ఈ 5,069 దగ్గర చాలామంది ఆగిపోతారు. నేనూ ఒకసారి ఆగిపోయాను. చివర 9, అంకెల మొత్తం 20, చూడటానికి అచ్చం ప్రధాన సంఖ్యలా ఉంటుంది. అప్పటికి నాలుగు భాగహారాలు చేసి ఉంటాం, అలసట వస్తుంది, "ఇది ప్రధాన సంఖ్యే" అని రాసేస్తాం. హద్దు 71 అని కాగితం మీద రాసి ఉంటే ఆ తప్పు జరగదు. 29తో శేషం 23, 31తో శేషం 16, 37తో సరిగ్గా 137. ఇక హద్దు 11. అంతవరకు అన్నిటినీ ఎప్పుడో చూసేశాం కాబట్టి 137 ప్రధాన సంఖ్యే.

32,11,97,185 = 5 × 19 × 23 × 29 × 37 × 137

రెండు వేలకు పైగా అనుకున్నది పన్నెండు ప్రధాన సంఖ్యలతో అయిపోయింది.

సరిచూసుకోవడానికి మొత్తం మళ్లీ గుణించవచ్చు. అంతకు ముందు తొమ్మిదితో శేషాలను చూడటం తేలిక. 5కి 5, 19కి 1, 23కి 5, 29కి 2, 37కి 1, 137కి 2. వీటిని గుణిస్తే 100, దాని శేషం 1. మొదట్లో రాసుకున్న శేషం కూడా 1. ఈ లెక్క సరిపోయినంత మాత్రాన జవాబు కరెక్టని కాదు, సరిపోకపోతే మాత్రం ఖాయంగా తప్పు ఉన్నట్టే.

3. వెంటనే చేతికి వచ్చేవి

ఆరు కారణాంకాలూ వేర్వేరు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి ఇది ఏ వర్గంతోనూ (1 తప్ప) భాగించబడదు. దీన్ని వర్గ రహిత సంఖ్య అంటారు. ఈ గుణం మీద ఒక కన్నేసి ఉంచండి.

భాజకాలు ఎన్ని? ప్రతి కారణాంకాన్నీ తీసుకోవడమో మానడమో చేయవచ్చు. రెండు దారులు, ఆరుసార్లు: 2⁶ = 64. అన్నీ రాయాలంటే 1తో మొదలుపెట్టి ప్రతిసారీ జాబితాను రెట్టింపు చేసుకుంటూ పోవాలి. 1, ఆపై 1, 5, ఆపై 1, 5, 19, 95, ఇలా.

భాజకాల మొత్తానికి ప్రతి కారణాంకానికీ ఒకటి కలిపి గుణించాలి: 6 × 20 × 24 × 30 × 38 × 138 = 45,30,81,600. అందులోంచి సంఖ్యను తీసేస్తే మిగతా భాజకాల మొత్తం 13,18,84,415. ఇది సంఖ్య కంటే బాగా తక్కువ, కాబట్టి ఇది న్యూన సంఖ్య. ఆ మొత్తం సంఖ్యకు సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య అంటారు, దానికి దరిదాపుల్లో కూడా లేదు.

1 నుంచి ఈ సంఖ్య వరకు దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి, అంటే సాపేక్ష ప్రధాన సంఖ్యలు ఎన్నో తెలియాలంటే ఒకటి కలిపే బదులు తీసేయాలి: 4 × 18 × 22 × 28 × 36 × 136 = 21,71,47,392. సుమారు నూటికి 68.

4. వర్గాలతో ఆట

బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయడానికి ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా చూపిన పద్ధతి ఒకటుంది. వర్గమూలానికి పైనున్న మొదటి పూర్ణసంఖ్య వర్గం వేసి, మన సంఖ్యను తీసేసి, మిగిలింది వర్గమా కాదా చూడాలి. కాకపోతే తర్వాతి సంఖ్యకు వెళ్లాలి. మనకు 17,922² = 32,11,98,084. తీసేస్తే మిగిలేది 899.

అయ్యో! ఇంకొక్కటి ఉంటే 900, అంటే 30² అయ్యేది. మొదటి అడుగులోనే పని అయిపోయేది. అయితే ఇది దురదృష్టం కాదు, అక్కడ దొరికే అవకాశమే లేదు. మన సంఖ్యకు 4తో శేషం 1. వర్గానికి 4తో శేషం 0 లేదా 1 మాత్రమే వస్తుంది, కాబట్టి భేదం 1 రావాలంటే పెద్దది బేసి, చిన్నది సరి కావాల్సిందే. 17,922 సరి సంఖ్య. శేషాలు రాసి పెట్టుకోమన్నది ఇందుకే: సగం పని తగ్గిపోయింది.

బేసి సంఖ్యలనే 17,923 నుంచి వరసగా చూస్తూ పోతే 48వ ప్రయత్నంలో 18,017 తగులుతుంది. 18,017² − 1,848² = 32,46,12,289 − 34,15,104 = 32,11,97,185. అంటే (18,017 − 1,848) × (18,017 + 1,848) = 16,169 × 19,865. మొదటిది 19 × 23 × 37, రెండోది 5 × 29 × 137. రెండు కారణాంకాలు వర్గమూలానికి దగ్గరగా ఉన్నప్పుడే ఈ పద్ధతి లాభం. ఇక్కడ చిన్న ప్రధాన సంఖ్యలు చాలా ఉన్నాయి కాబట్టి మామూలు భాగహారమే త్వరగా తేల్చింది. మొత్తంగా 64 భాజకాలు 32 జంటలు అవుతాయి, కాబట్టి ఇలాంటి భేదాలూ 32 ఉంటాయి.

మరి రెండు వర్గాల మొత్తంగా? 4తో శేషం 1 ఉంది కదా, వస్తుందేమో అనిపిస్తుంది. రాదు. 4తో శేషం 3 ఇచ్చే ప్రధాన కారణాంకం ఏదైనా బేసి సార్లు ఉంటే ఆ సంఖ్య రెండు వర్గాల మొత్తం కాలేదు. ఇక్కడ 19, 23 రెండూ అలాంటివే, చెరోసారి ఉన్నాయి. రెండూ కలిసి సంఖ్య శేషాన్ని 1గా మార్చేశాయి, అంతే.

మూడు వర్గాలైతే వస్తుంది. 8తో శేషం 1 కదా. మూడు వర్గాలుగా రాయలేని బేసి సంఖ్యలు 8తో శేషం 7 ఇచ్చేవి మాత్రమే. వెతకడం ఎలా అంటే, వర్గమూలానికి కింద నుంచి ఒక్కో సంఖ్య వర్గాన్ని తీసేసి మిగిలినదాన్ని కారణాంకాలుగా విడగొట్టడమే. 17,921 తీసేస్తే 34,944 మిగులుతుంది. అందులో 3, 7 ఒక్కోసారే ఉన్నాయి, లాభం లేదు. 17,920 తీసేస్తే 70,785. అది 33² × 65. 65 = 8² + 1² కాబట్టి పని అయిపోయినట్టే:

32,11,97,185 = 17,920² + 264² + 33²

5. పక్కింటి సంఖ్యను పలకరించడం

సంఖ్య గురించి తెలుసుకోవాలంటే దాని కంటే ఒకటి తక్కువ సంఖ్యను కూడా విప్పి చూడాలి. చాలామంది మర్చిపోయే అడుగు ఇది. మొదట్లో రాసుకున్న ఒకట్లన్నీ ఇప్పుడు పనికొస్తాయి: శేషం 1 అంటే, ఒకటి తీసేస్తే సరిగ్గా పోతుందని. 32,11,97,184ని 8, 9, 7, 11 అన్నీ భాగిస్తాయి. పూర్తిగా విడగొడితే:

32,11,97,184 = 2⁷ × 3³ × 7 × 11 × 17 × 71

ఆ ఏడు రెండ్లను ద్విసంఖ్యామానంలో కళ్లతోనే చూడవచ్చు. వరసగా సగం చేస్తూ శేషాలు రాసుకుంటే మన సంఖ్య 1 0011 0010 0101 0001 0100 1000 0001 అవుతుంది. మొత్తం 29 స్థానాలు. చివరి 1ని తీసేస్తే కుడిపక్కన ఏడు సున్నాలు మిగులుతాయి.

ఇప్పుడు ప్రతి ప్రధాన కారణాంకం నుంచీ ఒకటి తీసేయండి: 4, 18, 22, 28, 36, 136. 32,11,97,184ని వీటితో భాగించి చూడండి. వరసగా 8,02,99,296, 1,78,44,288, 1,45,99,872, 1,14,71,328, 89,22,144, 23,61,744. ఆరూ నిశ్శేషంగా పోయాయి. ఈ ఆరింటి క.సా.గు. 94,248, దాన్ని 3,408తో గుణిస్తే సరిగ్గా 32,11,97,184 వస్తుంది.

వర్గ రహితం కావడం, ప్రతి ప్రధాన కారణాంకంలోంచి ఒకటి తీస్తే వచ్చేది సంఖ్యలోంచి ఒకటి తీస్తే వచ్చేదాన్ని భాగించడం: ఈ రెండు షరతులనూ 1899లో జర్మన్ గణితజ్ఞుడు కోర్సెల్ట్ రాశాడు, ఉదాహరణ మాత్రం ఇవ్వలేదు. 1910లో అమెరికన్ గణితజ్ఞుడు కార్మైకేల్ 561 = 3 × 11 × 17 చూపించాడు. అందుకే ఈ రెండు షరతులకూ సరిపోయే సంయుక్త సంఖ్యలను (ప్రధానం కానివాటిని) కార్మైకేల్ సంఖ్యలు అంటారు. ఆరు ప్రధాన కారణాంకాలున్న కార్మైకేల్ సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది మన 32,11,97,185. ఇలాంటివి అనంతంగా ఉన్నాయని ఆల్‌ఫోర్డ్, గ్రాన్‌విల్, పొమెరాన్స్ నిరూపించిన వ్యాసం 1994లో అచ్చయింది.

6. ఈ సంఖ్య ఎవరిని మోసం చేస్తుంది

కారణాంకాలు దొరకనంత పెద్ద సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడానికి ఫెర్మా 1640లో చెప్పిన సూత్రం అక్కరకొస్తుంది. ప్రధాన సంఖ్య అయితే, అది భాగించని ఏ సంఖ్యనైనా తీసుకుని, ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుంది. శేషం 1 రాకపోతే అది సంయుక్త సంఖ్య.

మన సంఖ్యతో 2ని పరీక్షిద్దాం. 2ని 32,11,97,184వ ఘాతానికి పెంచి 32,11,97,185తో భాగిస్తే శేషం ఎంత? నేరుగా వద్దు, ముక్కలుగా చూద్దాం. 5 దగ్గర: 2⁴ = 16, శేషం 1. మన ఘాతాంకం 4కి గుణిజం, కాబట్టి ఒకట్లను ఎన్నిసార్లు గుణించినా 1. 19 దగ్గర: 2¹⁸ = 2,62,144 = 19 × 13,797 + 1. మన ఘాతాంకం 18కీ గుణిజమే, మళ్లీ 1. 23 దగ్గర 2¹¹ = 2,048 = 23 × 89 + 1; మళ్లీ 1. మిగతా మూడూ అంతే. ఆరింటితోనూ శేషం 1 వస్తే వాటి లబ్ధంతోనూ శేషం 1. పరీక్ష పాస్!

2 బదులు 3 తీసుకోండి, 7 తీసుకోండి, మన సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని 21,71,47,392 సంఖ్యల్లో ఏది తీసుకున్నా ఇదే జవాబు. అదృష్టవశాత్తు 5 గుణిజమో 19 గుణిజమో తగిలితే తప్ప ఈ పరీక్ష దీన్ని పట్టుకోలేదు. అందుకే ఫెర్మా పరీక్ష ఒక్కటే పాసైన సంఖ్యను ప్రధానమని రాసేయకండి.

7. పట్టుకునే పరీక్ష

మిల్లర్, రాబిన్ పేర్లతో ఉన్న పరీక్ష ఒక చిన్న నిజాన్ని వాడుకుంటుంది. ప్రధాన సంఖ్య దగ్గర, వర్గం చేస్తే శేషం 1 ఇచ్చేవి రెండే: 1, −1. (శేషం −1 అంటే భాజకం కంటే ఒకటి తక్కువ.) మూడోది కనపడితే ఆ సంఖ్య ప్రధానం కాదు.

32,11,97,184 = 2⁷ × 25,09,353 అని రాసుకుందాం. 2ని మొదట 25,09,353వ ఘాతానికి పెంచి, తర్వాత వర్గాలు చేస్తూ పోవాలి. కంప్యూటర్ దీన్ని మొత్తం సంఖ్యతోనే చేస్తుంది. మనకైతే మధ్యలో వచ్చే వర్గాలు పద్దెనిమిది అంకెల దాకా పోతాయి, క్యాలిక్యులేటర్ చేతులెత్తేస్తుంది. కారణాంకాలు తెలుసు కాబట్టి మళ్లీ ముక్కలుగా చేద్దాం. 5, 19, 23, 29, 37, 137 అదే వరసలో:

ఘాతాంకం 25,09,353 దగ్గర శేషాలు: 2, −1, 1, 17, 31, 100.

ఒకసారి వర్గం చేస్తే, ఘాతాంకం 50,18,706 దగ్గర: −1, 1, 1, −1, −1, −1.

ఇంకోసారి వర్గం చేస్తే అన్నీ 1.

చివరి 100ని సరిచూడటం సరదాగా ఉంటుంది: 100² = 10,000, 137 × 73 = 10,001, కాబట్టి శేషం −1.

రెండో వరస చూడండి. దాన్ని వర్గం చేస్తే మొత్తం సంఖ్య దగ్గర 1 వస్తుంది, కానీ అది అంతా 1 కాదు, అంతా −1 కూడా కాదు. 19, 23 దగ్గర 1, మిగతా నాలుగు దగ్గర −1. ఉండకూడని మూడో వర్గమూలం అదే. 2తోనే దొరికిపోయింది. ఏ సంయుక్త సంఖ్య అయినా ఈ పరీక్షలో యాదృచ్ఛికంగా తీసుకున్న ఒక్కో ఆధారానికి (ఇక్కడ 2 స్థానంలో తీసుకునే సంఖ్యకు) తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు, కాబట్టి ఇరవై ఆధారాలతో చేస్తే టెన్షన్ పడనక్కర్లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఆ రెండో వరస సంఖ్యలోంచి 1 తీసేస్తే వచ్చేది 19తోనూ 23తోనూ పోతుంది, మిగతావాటితో పోదు. దానికీ మన సంఖ్యకూ గ.సా.భా. కడితే 437. కారణాంకాలు ఏమీ తెలియకుండా మొదలుపెట్టిన కంప్యూటర్‌కి కూడా ఇదే 437 చేతికొస్తుంది. 32,11,97,185ని దాంతో భాగిస్తే 7,35,005, శేషం సున్నా.